అడిగినందుకే అప్పగించారు

ఆ కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ ఆవిడ పొద్దున్నే వచ్చి, చేతిసంచి బల్ల మీద పెట్టకముందే, వెనక మెట్ల దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఒక ఇనప తలుపుంది. ఎప్పుడైనా మంటలంటుకుంటే జనం బయటపడడానికి పెట్టింది. దాని అడ్డకమ్మీని రెండు చేతులా నెడుతుంది. తెరుచుకుంటే బయటి గాలిని కాసేపు మొహానికి తగలనిచ్చి మళ్ళీ మూసేస్తుంది. తెరుచుకోలేదంటే అవతల ఎవరో మందుల పెట్టెలు పేర్చారన్నమాట. అప్పుడు పక్క గేటు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఆ పెట్టెలన్నీ తనే జరుపుతుంది.

వాచ్‌మన్‌కి ఇది రోజూ తమాషా.

"ఏమ్మా, తలుపు కులాసానా?"

"కులాసానే. నిన్నే కాస్త ఒళ్ళు వంచమంది."

ఒకసారి మేనేజరు ఇది చూసి ముచ్చటపడ్డాడు. "ఈ భద్రత పనేదో మీ పేరు మీదే పెట్టేద్దామండీ. ఓ చిన్న హోదా కూడా ఇద్దాం," అన్నాడు.

"వద్దండీ. తలుపు చూస్తాను. పేరు మాత్రం వద్దు."

బెట్టు చేస్తోందనుకున్నాడు మేనేజరు. ఆమె యూనివర్సిటీలో కార్పొరేట్ గవర్నెన్స్ చదివిందని అక్కడ ఎవరికీ తెలియదు. కంపెనీని నడిపేవాళ్ళని ఎవరు అదుపులో పెట్టాలి, ఎలా పెట్టాలి అని చెప్పే చదువది. తెలిసినా నమ్మరు. అంత చదువు చదివినావిడ కళ్ళజోళ్ళ కోసం వచ్చేవాళ్ళకి టోకెన్లెందుకిస్తుంది?

అది చదివే రోజుల్లో ఆమె ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళ చిన్న కోడలు. ఆ కంపెనీకి బోర్డు గది అంటూ లేదు. ఇంట్లో భోజనాల బల్లే బోర్డు. ఆదివారం మధ్యాహ్నం బల్ల తలవైపు ఛైర్మన్ గారు, అంటే ఆమె మామగారు కూర్చునేవారు. కుడిపక్క ఫ్యాక్టరీ నడిపే బావగారు. ఎడమపక్క అమ్మకాలు చూసే ఆమె భర్త. రెండో ముద్దకీ మూడో ముద్దకీ మధ్య మామగారు ఏదో ఒక నిర్ణయం చెప్పి, "సరేనా?" అనేవారు. ఎవరూ సరే అనేవారు కాదు, కాదు అనేవారూ కాదు. చెంచాలు ఆగకుండా నడిచేవి. అదే ఓటు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ ఆ ఇంట్లో అది పూర్తి అంగీకారం, వడ్డీతో సహా.

ఒక ఆదివారం బావగారు కొత్త తలనొప్పి తెచ్చారు. వాళ్ళ పెట్టెలు ఎక్కువగా కొనేది ఒక బిస్కెట్ల కంపెనీ. ఇకమీదట సరుకు పంపే ప్రతి కంపెనీ బోర్డులోనూ ఆ చదువు చదివిన ఒక ఆడమనిషీ, బయటివాళ్ళు ఒకరూ ఉండాలని ఆ కంపెనీ షరతు పెట్టిందట.

"ఆడవాళ్ళకేం కొదవ? ఇంట్లో ఇద్దరున్నారు," అన్నారు మామగారు.

పెద్ద కోడలు వెంటనే చేతులెత్తేసింది. "నన్నొదిలెయ్యండి. పుస్తకం తెరిస్తే నాకు ఆవులింతలు. చెల్లికైతే అదే లోకం. పచారీ పొట్లం విప్పితే ఆ కాగితం చదివి గానీ పారెయ్యదు."

"ఏమ్మా, చదువుతావా? శని, ఆదివారాల్లోనే క్లాసులు. ఆదివారం భోజనాల వేళకి వచ్చెయ్యొచ్చు. ఊరికే పేరు కోసమే అనుకో," అన్నారు బావగారు.

చారుగిన్నె పట్టుకుని నిలబడ్డ చిన్న కోడలికి చివరి మాట వినపడలేదు. డిగ్రీ అయిన వెంటనే పెళ్ళయింది. అప్పటినుంచీ 'చదువుతావా' అని ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆనందంతో గిన్నె ఒలకబోసుకోవడమొక్కటే తక్కువ.

యూనివర్సిటీలో ఆ క్లాసు మూడో అంతస్తులో జరిగేది. కుర్చీలకి రాసుకోవడానికి చెక్క రెక్కలుండేవి. చాలావాటికి మరలు ఊడి, మోచెయ్యి ఆనిస్తే ఒళ్ళో పడేవి. ఆమె పక్కన ఒక బ్యాంకు ఆఫీసరు కూర్చునేది. ఆవిడకి అప్పులడిగే కంపెనీలని చూసీ చూసీ ఎవర్నీ నమ్మని గుణం వచ్చింది. ఆ రెక్క ఊడినప్పుడల్లా, "చూశావా, ఈ చదువుకి ఆధారం ఎంత గట్టిదో," అనేది.

పాఠం చెప్పే ప్రొఫెసరు గారిని క్లాసులోవాళ్ళు 'అడిగారా మాస్టారు' అనేవాళ్ళు. ఆయన కూలిపోయిన కంపెనీల కథలు చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడంటే, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా బయటికి చూసేవాళ్ళు కాదు. కథ చివర సుద్దముక్క బల్లమీద పెట్టి, గొంతు తగ్గించి, "ఇంత జరుగుతుంటే ఆ గదిలో ఒక్కరైనా అడిగారా?" అనేవాడు. ఆ మాట వింటే చిన్న కోడలికి ఒళ్ళు జలదరించేది.

ఒకరోజు ఆయన, మీ మీ బోర్డుల సంగతి చెప్పమన్నాడు. ఆమె లేచి నిలబడి, నేల చూపులు చూస్తూ భోజనాల బల్ల సంగతి చెప్పింది. క్లాసంతా పగలబడి నవ్వింది. ప్రొఫెసరు నవ్వలేదు.

"అయితే ఆ గదిలో మీరెప్పుడూ ఏమీ అడగలేదా?"

"లేదండీ."

"ఏం?"

"నేను వడ్డిస్తుంటానండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "గరిటె కింద పెట్టండమ్మా," అన్నాడాయన. "ముందు ఫ్యాక్టరీకి వెళ్ళి కళ్ళారా చూడండి. చూసింది అడగండి. డైరెక్టరు పని అదొక్కటే."

ఆమె వెళ్ళింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళడం అదే మొదలు. చివర్లో కటింగ్ ప్రెస్సుంది. అట్ట షీటు లోపలికి పోతే, దవడ మూసుకున్నట్టు ఒక దిమ్మ వచ్చి పడి, పెట్టె ఆకారంలో కోసి వదులుతుంది. దాని ముందు ఇనప జాలీ తలుపుంది. ఆ తలుపు తీస్తే మెషీన్ దానంతటది ఆగిపోవాలి. తలుపు బార్లా తీసి ఉంది. దవడ మాత్రం ఆడుతూనే ఉంది. తలుపు మూలనున్న స్విచ్చిని ఎవరో నొక్కిపట్టి తీగతో బిగించి కట్టారు.

ప్రెస్సు మీద పనిచేసే పెద్దాయన్ని అందరూ ఈలమామ అంటారు. ఆ చప్పుడులో ఎవర్ని పిలవాలన్నా కుడిచేతి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తాడు. గేటు దగ్గరున్న లారీ డ్రైవరు కూడా తిరిగి చూస్తాడు.

"ఈలమామా, ఏంటీ తీగ?"

"ఇదా చిన్నమ్మగారూ? ఇది మెషీన్ నోరు మూయించే మంత్రం. షీటు ఇరుక్కున్నప్పుడల్లా జాలీ తీసి, ఆపి, సర్ది, మళ్ళీ మొదలెట్టాలంటే చెప్పినంత పనవదు. తీగ కట్టేస్తే, అది తిరుగుతుండగానే చేత్తో లాగెయ్యొచ్చు."

"చెయ్యి పడితే?"

"ఇన్నాళ్ళూ పళ్ళేదుగా," అని నవ్వాడు. "చేతులకి అలవాటైపోయిందండీ. అవి నా మాట కూడా వినవు, మెషీన్ మాటే వింటాయి."

ఆ ఆదివారం చిన్న కోడలు వడ్డన మధ్యలో ఆగింది. "మామగారూ, ఒక్క మాట," అంది. తీగ గురించి చెప్పింది. ఆ జాలీ మూసి ఉంచాలంది.

బావగారు తలెత్తలేదు. "అది ఫ్యాక్టరీలో సంగతమ్మా. బోర్డు సంగతి కాదు."

మామగారు ఆమె చేతిలోని గిన్నె వైపు చూశారు. "కూర చల్లారిపోతోంది."

ఆ రాత్రి భర్త, "ఎందుకొచ్చిన గొడవ? అన్నయ్య చూసుకుంటాడులే," అన్నాడు. ఆయనకి ప్రపంచంలో ప్రతి చిక్కుకీ అన్నయ్యే మందు.

కానీ ఆమె తలలో ఒక ఆలోచన మొలిచింది. బోర్డులోకి బయటివాళ్ళు ఒకరు కావాలన్నారు కదా. ప్రొఫెసరు గారైతే? ఆయన పక్కనుంటే ఆమె గొంతు వణకదు. ఆమె అడగలేనిది ఆయనే అడుగుతాడు. జీవితంలో ఒక మనిషిని ఆమె సిఫారసు చెయ్యడం అదే మొదటిసారి. బావగారు ఆరా తీసి, "మంచి పేరున్నాయన. మెత్తనివాడట కూడా," అన్నారు. రెండో మాట పొగడ్త అనుకుంది ఆమె.

ప్రొఫెసరు వచ్చిన మొదటి ఆదివారం ఇల్లంతా హడావుడి. కొత్త ప్లేట్లు తీశారు. ఛైర్మన్ గారు తన పక్క కుర్చీ ఆయనకిచ్చారు. వంట బాగుందని ఆయన రెండుసార్లు మెచ్చుకున్నాడు. ఆమె పేరూ బోర్డులో చేరింది కాబట్టి ఆ రోజు చిన్న కోడలికి కూడా ఒక కుర్చీ వేశారు. పెద్ద కోడలు వడ్డించింది. చెల్లి ప్లేటులో కూర వేస్తూ చెవిలో, "డైరెక్టరమ్మా, ఇంకాస్త వెయ్యనా?" అని గిల్లింది.

ఆమె మళ్ళీ తీగ గురించి అడిగింది. ఈసారి కూర్చుని అడిగింది. బావగారు నోరు తెరవబోతుంటే ప్రొఫెసరు చెయ్యెత్తాడు.

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు. ఆమె గుండె పొంగింది. "అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాదు. భద్రత ఎవరో ఒక డైరెక్టరు పేరు మీద ఉండాలి. ఈ విషయం ఇంత శ్రద్ధగా గమనించింది ఈవిడే కాబట్టి ఈవిడ పేరే పెట్టండి."

బావగారు ప్రొఫెసరు వైపు చూశారు. తర్వాత మరదలి వైపు చూశారు. ఆయన మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "అద్భుతం. ఇన్నాళ్ళూ మాకు తట్టనే లేదు," అన్నారు.

"సరేనా?" అన్నారు మామగారు.

చెంచాలు నడిచాయి. ఒక్క చెంచా ఆగింది. చిన్న కోడలు తలెత్తి, పైకి, అందరికీ వినబడేలా, "సరే," అంది. ఆ బల్ల దగ్గర ఒక మనిషి నోటితో సరే అనడం అదే మొదలు.

మరుసటి వారం క్లాసులో బ్యాంకావిడకి చెప్పుకుని మురిసిపోయింది. ఆవిడ మురవలేదు.

"బాధ్యత ఇచ్చారు, సరే. తాళాలిచ్చారా?"

"ఏ తాళాలు?"

"మెషీన్ ఆపమంటే ఆపుతారా? నీ మాట వినకపోతే సూపర్‌వైజర్ని మాన్పించగలవా?"

"ఇంట్లోవాళ్ళే కదా. అడిగితే ఇవ్వరా?"

"ఇంట్లోవాళ్ళు కాబట్టే ఇవ్వరు తల్లీ. బయటివాళ్ళయితే కనీసం సిగ్గుపడతారు."

చిన్న కోడలు ఇంటి నుంచి పట్టుకారు తీసుకెళ్ళి తన చేత్తోనే ఆ తీగ తెంపింది. రెండ్రోజుల తర్వాత వెళ్తే కొత్త తీగ. మళ్ళీ తెంపింది. మళ్ళీ కట్టారు. సూపర్‌వైజర్ని నిలదీస్తే, చేతులు నలుపుకుంటూ, "పెద్దయ్యగారు ఒక్క మాట చెబితే చాలమ్మా," అన్నాడు. పెద్దయ్యగారంటే బావగారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు. "తప్పకుండానమ్మా, ఈ బిస్కెట్ల ఆర్డరు వెళ్ళిపోనీ," అనేవారు. ఒక ఆర్డరు వెళ్తే ఇంకోటి వచ్చేది. ఈలమామ అయితే ఆమె పట్టుకారు చూసి నవ్వేవాడు. "మీరు తెంపండి, నేను కట్టుకుంటాను. మనిద్దరికీ పనుండాలిగా చిన్నమ్మగారూ."

ప్రతి ఆదివారం ఆమె అడిగేది. ప్రొఫెసరు తలూపేవాడు. "అడుగుతూ ఉండండమ్మా. అదే ముఖ్యం," అనేవాడు. తర్వాత కారులో ఆయన్ని ఇంటిదాకా దింపేవాళ్ళు.

ఆఖరి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. అధికారం లేకుండా బాధ్యత మాత్రమే అప్పగిస్తే ఏం జరుగుతుంది, చర్చించండి. చిన్న కోడలు తలెత్తకుండా రాసింది. అలాంటి బాధ్యత తీసుకున్న మనిషి గొడుగు కాదని, పిడుగు పడడానికి నిలబెట్టిన కమ్మీ అని రాసింది. ఇలాంటివి ఎక్కడెక్కడో, ఎవరెవరికో జరుగుతాయన్నట్టు రాసింది. ఆ జవాబుకి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి.

ఆ మార్కులు చూసుకోవడానికి యూనివర్సిటీకి వెళ్ళిన రోజే ఫోన్ వచ్చింది. వరండాలో గోడమీద అంటించిన కాగితాల ముందు నిలబడి ఉంది. సూపర్‌వైజరు గొంతు గుర్తుపట్టలేకపోయింది.

ఇరుక్కున్న షీటు లాగబోతే ఈలమామ కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది. ఆసుపత్రిలో అతని భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న కోడలు ఆమె పక్కనే కింద కూర్చుంది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. ఆ చోటివ్వడమే ఆమెకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మెషీన్ జాలీకి ఆ సాయంత్రమే తాళం పడింది. ఇన్ని నెలలుగా కుదరని పని ఒక్క పూటలో అయిపోయింది.

తనిఖీ అధికారి వస్తాడనగా భోజనాల బల్ల దగ్గర మళ్ళీ ప్రొఫెసరుతో సహా అందరూ కూర్చున్నారు. ఆదివారం కాదు, వంట కూడా లేదు.

"నిన్ను జైలుకేం పంపరు అమ్మాయ్. జరిమానా వేస్తారు, మనమే కడతాం," అన్నారు మామగారు. "కంపెనీ అంటే కుటుంబం. కుటుంబం కోసం ఆ మాత్రం భరించలేమా?"

"ఆ తీగ కట్టించింది బావగారు. ఆపమని నేనెన్నిసార్లు చెప్పానో మీ అందరికీ తెలుసు."

"మరి నీ పేరు మీదున్న పని," అన్నారు బావగారు, నొచ్చుకున్నట్టు. "నువ్వేగా పైకి సరే అన్నావు. మేమెవరం అనలేదే."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఉప్పుడబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

అప్పుడు ప్రొఫెసరు వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చెప్పండి. ఆ గదిలో నేను అడిగాను కదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. క్లాసులో కథ చివర తగ్గించే గొంతుతోనే అన్నాడు. "అడిగారమ్మా. అందుకే కదా మీకు అప్పగించాం."

అధికారికి ఆమె అంతా చెప్పింది. తీగ, పట్టుకారు, ఆర్డర్లు, బావగారి మాట, ఏదీ దాచలేదు. ఆయన ఓపిగ్గా విన్నాడు. సూపర్‌వైజర్ని పిలిచి అడిగితే, "అమ్మగారు తీగ తెంపడం నేను చూళ్ళేదండీ," అన్నాడు. ఆసుపత్రి నుంచి చేతికి కట్టుతో వచ్చిన ఈలమామని అడిగితే, తీగ తనే కట్టుకున్నానన్నాడు. అది నిజమే. ఎవరు కట్టమన్నారని అడిగితే, "ఎవరూ అన్లేదండీ," అన్నాడు. అది నిజం కాదు.

బయట వేపచెట్టు కింద అతను ఆమె కోసం ఆగాడు. "ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనిస్తామన్నారు, బతికున్నన్నాళ్ళూ. ఆరు వేళ్ళవాడికి ఇంకెవరిస్తారు చిన్నమ్మగారూ?" అన్నాడు.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండుననుకుంది.

"ఈల?" అంది, ఏమడగాలో తెలియక.

"ఎడంచేత్తో కూడా వస్తుంది. గేటు దగ్గర ఎవర్ని పిలవాలి?"

జరిమానా ఆమె పేరు మీద పడింది. ఇకమీదట ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండడానికి వీల్లేదని కూడా రాశారు. జరిమానా మామగారు కట్టారు. కట్టినట్టు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పారు. ఇంట్లోంచి ఆమెని ఎవరూ పొమ్మనలేదు. అధికారి ముందు బావగారి పేరెత్తిన రోజు నుంచీ ఆ బల్ల దగ్గర ఆమె కుర్చీ మాత్రం కనబడలేదు. వంటింట్లో నిలబడి కొన్నాళ్ళు తింది. ఒకరోజు పుస్తకాలు, బట్టలు సర్దుకుని ఒక గది అద్దెకి తీసుకుంది. భర్త అప్పుడప్పుడు వస్తాడు. పళ్ళు తెస్తాడు, టీ తాగుతాడు, అన్నయ్య ఆరోగ్యం సంగతి చెప్పి వెళ్తాడు.

బ్యాంకావిడ తన మరిది ద్వారా ఈ కంటి ఆసుపత్రిలో చేర్పించింది. ఉద్యోగం వచ్చిన రోజు, "తాళాలిచ్చారా?" అని ఒక్కసారి అడిగింది. ఇద్దరూ నవ్వాలని చూశారు గానీ నవ్వు రాలేదు.

మొన్న పెద్ద కోడలు ఫోన్ చేసింది.

"చెల్లీ, నన్ను పట్టుకున్నారే. బోర్డులో నీ కుర్చీ ఖాళీగా ఉంటే బిస్కెట్లవాళ్ళు ఊరుకోవట్లేదుట. ఆ కోర్సులోనే చేర్పించారు. అదే మాస్టారు."

"ఎలా చెబుతున్నాడు?"

"బాగా చెబుతాడే! నాకు కూడా ఆవులింతలు రావట్లేదంటే చూడు. మన ఫ్యాక్టరీ కథ కూడా చెప్పాడు, పేర్లు లేకుండా. చివర్లో, ఆ గదిలో ఎవరైనా అడిగారా అన్నాడు. నాకు నోరు పెగల్లేదు చెల్లీ."

చిన్న కోడలు టోకెన్ల కట్టని వేళ్ళతో సరిచేస్తూ కూర్చుంది. అడుగు అక్కా అనాలో, అడగొద్దు అనాలో ఆమెకి తేలలేదు.

"నీ పుస్తకాలున్నాయా? పరీక్ష కష్టమా?" అంది అక్క.

"పరీక్ష తేలికే అక్కా. పుస్తకాలు వాచ్‌మన్ దగ్గర పెడతాను, ఎవర్నైనా పంపించి తెప్పించుకో."

మర్నాడు పుస్తకాల సంచి గేటు దగ్గర ఇచ్చి, వెనక మెట్ల వైపు వెళ్ళి తలుపు నెట్టి చూసింది. ఆ పని ఇప్పటికీ ఎవరి పేరు మీదా లేదు. ఆమె ఇంకా రిసెప్షన్ పనిలోనే ఉంది.